నేల తడితే తిరిగిన పిల్ల

కార్తీక మాసం, మూడో సోమవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, మా నర్సరీలో అన్నం గంట పన్నెండుకి కొడతారు. గంటంటే గంట కాదు, స్టీలు పళ్లెం మీద గరిటె. ఆ రోజు అది నలభై నిమిషాలు ముందే మోగింది. మోగించింది నేను కాదు, మా మేడం గారు కాదు. తనిఖీకి వచ్చిన పెద్దావిడ. ఆ పళ్లెం మోతకి ఇరవై ఇద్దరు పిల్లలు లేచి చేతులు కడుక్కోడానికి పరిగెత్తారు. ఒక్క పిల్ల లేవలేదు.

ఆ పిల్ల ఎందుకు లేవలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చిన్నపిల్లల బడుల్లో అప్రెంటిస్‌లుగా చేరుతున్న ఆడపిల్లల కోసం రాయమన్నారు. నీతులు రాస్తానని వాళ్లు ఆశపడి ఉంటారు. నా దగ్గర నీతులు లేవు. ఒక తప్పు ఉంది, అది బాగా గుర్తుంది.

ముందు నేనెవరో చెబుతాను. మాది పామర్రు అవతల మగ్గాల ఊరు. నాకు ఊహ తెలిసేసరికి నా చేతిలో రాట్నం ఉంది, కండెలు చుట్టడం నా పని. మా ఇంట్లో బడికి వెళ్లింది మా తమ్ముడొక్కడే, వాడూ వెళ్లినట్టు వెళ్లి కాలవలో ఈతలు కొట్టి వచ్చేవాడు. పెళ్లయ్యాక విజయవాడ వన్ టౌన్‌కి వచ్చాను. మా ఆయన బట్టల గోడౌన్లో బేళ్లు కట్టే పని. ఆయన పోయాక, నలభై అయిదేళ్ల వయసులో, అదే గోడౌన్ మీద మేడలో ఉన్న నర్సరీలో ఆయమ్మగా చేరాను. ముక్కులు తుడవడం, నిక్కర్లు మార్చడం, అన్నాలు తినిపించడం.

అక్షరాలు అక్కడే నేర్చుకున్నాను. పిల్లలు ముందు వరసలో అఆలు దిద్దుతుంటే నేను వెనక గోడకి ఆనుకుని, ఒళ్లో ఎవరో ఒక ఏడుపు పిల్లని పెట్టుకుని, పలక మీద దిద్దేదాన్ని. నా పలక మొదట దిద్దిన గురువు వయసు నాలుగేళ్లు. "ఆయమ్మా, బాలేదు. మళ్లీ రాయి" అని చెరిపేశాడు. వాడంత కఠినమైన మాస్టారు నాకు మళ్లీ తగల్లేదు. అయిదారేళ్లలో బస్సు బోర్డులు, పెళ్లి శుభలేఖలు, మందు సీసాల మీద రాతలు చదవడం వచ్చింది. రాయడం మాత్రం చీమ నడక. ఒక వాక్యం రాసేసరికి టీ చల్లారిపోయేది.

ఇక అప్రెంటిస్ ఎలా అయ్యానంటే, ఖాళీ పూడ్చడానికి. మా కరస్పాండెంటు గారికి స్కూలు గేటు మీద 'శిక్షణ కేంద్రం' అని రాయించుకోవాలని కోరిక. ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఒప్పుకున్నారు గానీ, ఒక్కో బడిలో కనీసం ఆరుగురు అప్రెంటిస్‌లు ఉండాలన్నారు. డిగ్రీ చదివిన అమ్మాయిలు ఐదుగురు దొరికారు. ఆరో మనిషి దొరకలేదు. కరస్పాండెంటు గారు గదంతా కలయజూశారు. నేను నేల తుడుస్తున్నాను.

"ఆయమ్మా, నీకు సంతకం వచ్చుగా?"

"వచ్చండి."

"అయితే ఇక్కడ పెట్టు. నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే ఆరుగురున్నారని చూపించడానికి."

అట్లా యాభై ఒకటో ఏట, చేతిలో తడి గుడ్డతో, నేను విద్యార్థినినయ్యాను. మర్నాటి నుంచి పొద్దున పూట అప్రెంటిస్, మధ్యాహ్నం ఆయమ్మ. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు నన్ను 'మీరు' అనాలని మేడం గారు మిగతావాళ్లకి చెప్పారు. ఆవిడ మాత్రం గడియారం చూసుకుని మార్చేది. పన్నెండు దాటితే 'నువ్వు'.

మేడం గారు కరస్పాండెంటు గారి భార్య. చెడ్డ మనిషి కాదు. కాకపోతే పిల్లలంటే ఆవిడకి పూలకుండీల లాంటివాళ్లు, ఎక్కడ పెడితే అక్కడ ఉండాలి. ఆట వస్తువులన్నీ అద్దాల బీరువాలో, కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు తియ్యకుండా ఉండేవి. కొండపల్లి బొమ్మలు, రంగు దిమ్మలు, చిన్న వంట సామాను. ఏటా కొత్త తల్లిదండ్రులు ఆ బీరువా చూసి ముచ్చటపడి పిల్లల్ని చేర్పించేవాళ్లు. తాళంచెవి మేడం గారి నడుముకి ఉండేది.

శిక్షణ సంస్థ పుస్తకంలో ఒక మాట ఉంది. రోజూ నలభై నిమిషాలు పిల్లలు స్వేచ్ఛగా, తమకి నచ్చిన వస్తువుతో, నచ్చినట్టు ఆడుకోవాలి, పెద్దవాళ్లు జోక్యం చేసుకోకూడదు. కార్తీక మాసంలో తనిఖీకి వచ్చినప్పుడు అది చూస్తామన్నారు. అప్రెంటిస్‌ల నోటు పుస్తకాలూ చూస్తామన్నారు. మేడం గారు ఏం చేసిందనుకుంటున్నారు? స్వేచ్ఛకి రిహార్సల్స్ పెట్టింది.

నిజంగానే చెబుతున్నాను. గోడ మీద చార్టు అంటించింది. ఏ పిల్లాడు ఏ వస్తువుతో స్వేచ్ఛగా ఆడుకోవాలో పేరు పేరునా రాసింది. దసరా సెలవులు అయిన దగ్గర్నుంచి రోజూ పదకొండింటికి బీరువా తెరుచుకునేది. పిల్లలు గోడకి వరసగా నిలబడాలి. మేడం గారు చప్పట్లు కొట్టగానే వెళ్లి ఎవరి వస్తువు దగ్గర వాళ్లు కూర్చుని ఆనందంగా ఆడుకోవాలి. వంటసామాను రాసిపెట్టున్న పిల్ల దగ్గరికి దిమ్మల పిల్లాడు వెళ్లాడా, అంతే సంగతులు.

"ఏరా, నీది దిమ్మలు గదా! స్వేచ్ఛగా ఆడుకోమంటే వంటసామాను జోలికెళతావేంట్రా?"

వాడు ఏడుస్తూ దిమ్మల దగ్గరికి వచ్చి స్వేచ్ఛగా కూర్చునేవాడు.

ఇక ఆ పిల్ల సంగతి. జూన్‌లో చేరింది, అప్పటికి మూడున్నరేళ్లు. వాళ్లదీ మగ్గాల ఇల్లే, మా పామర్రు వైపే. మగ్గం ఆగిపోయాక తండ్రి వన్ టౌన్‌కి వచ్చి హోల్‌సేల్ చీరల కొట్లో గుమాస్తాగా కుదిరాడు. తల్లి పాతికేళ్లు లేని పిల్ల, ఇంట్లో కూర్చుని చీరలకి ఫాల్స్ కుట్టేది. ఈ పాప మాటలు తక్కువ. అమ్మ, అన్నం, ఇంకో నాలుగు. పిలిస్తే పలకదు. గంట కొడితే లేవదు, పక్క పిల్లలు లేచాక వాళ్లని చూసి లేస్తుంది. చేరిన నెలకే మేడం గారు తల్లిని పిలిపించింది.

"చూడమ్మా, మీ పాప కొంచెం మొద్దు. మా స్టాండర్డుకి రాదు. వేరే ఎక్కడన్నా చూసుకోండి."

ఆ పిల్ల తల్లి ఏడవలేదు. పమిటచెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మాకు దగ్గరలో ఇదొక్కటేనండీ. ఇంట్లో ఉంటే రోజంతా ఒక్కతే గోడవైపు తిరిగి కూర్చుంటోందండీ. ఇక్కడికొచ్చాకే నలుగురు పిల్లల్ని చూసి నవ్వుతోంది. కొంచెం చూడండీ" అంది.

నేను తలదూర్చాను. నా జన్మకి అది అలవాటు.

"మేడం గారూ, మొద్దు కాదండీ. మగ్గాల ఇంటి పిల్ల. మా ఇళ్లల్లో పిలుపులుండవండీ."

ఇది నిజమే. గుంట మగ్గం ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పైగా నేసేవాణ్ణి ఉన్నట్టుండి కేకేసి పిలిస్తే ఉలిక్కిపడతాడు, చెయ్యి తప్పుతుంది, పోగు తెగుతుంది. అందుకని ఎవరూ పేరు పెట్టి అరవరు. గుంట పక్కన నేల మీద అరచేత్తో తడతారు. రెండు సార్లు తట్టి, ఆగి, ఇంకోసారి. నేసేవాడి కాళ్లు గుంటలో ఉంటాయి గదా, ఆ అదురు తెలుస్తుంది. తల తిప్పుతాడు. మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

మా నర్సరీది పాతకాలపు చెక్కమేడ. గోడౌన్ మీద దూలాలు వేసి పలకలు పరిచారు. నేను ఆ పిల్ల వెనక్కి వెళ్లి మడమతో రెండు సార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టాను. పిల్ల చటుక్కున తిరిగి నన్ను చూసి నవ్వింది. పళ్లన్నీ కనపడేలా.

"చూశారా?" అన్నాను. నా గొంతులో గర్వం ఎంతుందో ఇప్పటికీ నాకు వినపడుతోంది. "మన పద్ధతిలో పిలిస్తే పలుకుతుంది. మీ పద్ధతి దానికి తెలీదు, అంతే."

మేడం గారు మొహం చిట్లించింది. "సరే. తనిఖీ అయ్యేదాకా ఉంచుతా. ఆ రోజు అందరితో పాటు లేచి, అందరితో పాటు ఆడితే ఉంటుంది. లేకపోతే నువ్వే తీసుకెళ్లి వాళ్లింట్లో దింపు."

అదీ ఒప్పందం. ఆ పిల్ల బడిలో ఉండాలంటే తనిఖీ రోజు స్వేచ్ఛగా ఆడుకోవాలి. ఆడించే పూచీ నాది.

తల్లి ఒకసారి నన్ను మెట్ల మీద ఆపి అడిగింది. "పిన్నిగారూ, పాపకి చెవుల్లో ఏవన్నా ఉందంటారా?" నేను నవ్వాను. "ఊరుకోమ్మా. మా తమ్ముడు నాలుగేళ్లు దాటాక మాట్లాడాడు. ఇప్పుడు ఆపమన్నా ఆపడు" అన్నాను. అప్రెంటిస్ అమ్మాయిల్లో గన్నవరం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల ఒకతె ఉండేది, అందరిలోకి చిన్నది. అదీ అడిగింది. "ఆయమ్మగారూ, ఆ పాపకి అసలు వినపడుతోందంటారా?" దాన్నైతే నలుగురిలో కడిగేశాను. "చదువుకున్నోళ్లకి ప్రతిదీ జబ్బేనమ్మా. మగ్గం చప్పుడు ఎప్పుడన్నా విన్నావా నువ్వు?" ఆ పిల్ల మొహం ఎర్రబడింది. మళ్లీ నోరెత్తలేదు. పెద్దదాన్ని, అనుభవం ఉన్నదాన్ని, నోరున్నదాన్ని. ఈ మూడూ ఒకచోట చేరితే పక్కనవాళ్లకి మాట్లాడే సందు ఉండదు. మీ బడిలోనూ ఇట్లాంటిది ఒకతె ఉంటుంది, చూసుకోండి.

రోజూ తర్ఫీదు ఇచ్చాను. మేడం గారి చప్పట్లకి సరిగ్గా కలిపి నా మడమ. చప్పట్లు, మడమ. చప్పట్లు, మడమ. పదిహేను రోజుల్లో ఆ పిల్ల అందరితో పాటు కదిలి, చార్టులో తనకి రాసిన రంగు పూసల దగ్గర కూర్చునేది. మేడం గారు కూడా "ఫరవాలేదే, దారిలో పడింది" అంది. నేను గెలిచాననుకున్నాను.

ఇక నోటు పుస్తకాలు. ప్రతి అప్రెంటిస్ వారానికి రెండు రోజులు ఒక పిల్లనో పిల్లాణ్ణో ఇరవై నిమిషాలు దూరం నుంచి చూసి, చూసింది రాయాలి. డిగ్రీ అమ్మాయిలకి ఎక్కడిదో పాత బ్యాచీ పుస్తకం ఒకటి దొరికింది. ఐదుగురూ అందులోంచి దించేవాళ్లు. 'బిడ్డ ఉత్సాహంగా, ఆసక్తిగా, సృజనాత్మకంగా పాల్గొన్నది.' ఒకమ్మాయి అయితే ఆ వారమంతా జ్వరంతో ఇంట్లో ఉన్న పిల్లాడు కూడా సృజనాత్మకంగా పాల్గొన్నాడని రాసింది. జ్వరంలో ఏం సృజించాడో పాపం.

గన్నవరం పిల్లే జాలిపడి అడిగింది. "మీరెందుకండీ అంత కష్టపడి రాయడం? నాది చూసి దించెయ్యండి."

"దించేదాన్నేనమ్మా. ఆ 'సృజనాత్మకంగా' రాసేసరికి నా పెన్ను ఇంకు అయిపోద్ది."

నన్ను నిజాయితీపరురాలు అనుకోకండి. కాపీ కొట్టే సామర్థ్యం లేక, కళ్లకి కనపడింది రాశాను. పెద్ద మాటలు రావు కాబట్టి చిన్న మాటలు. నేను చూడ్డానికి ఎంచుకున్నది ఆ పూసల పిల్లనే. ఇట్లా ఉండేది నా రాత:

'తలుపు దగ్గర నిలబడి పిలిచాను. తిరగలేదు. నేల తట్టాను. తిరిగింది.'

'కింద బండి బోల్తా పడింది. పెద్ద చప్పుడు. పిల్లలందరూ కిటికీ దగ్గరికి పోయారు. పాప పోలేదు. తర్వాత వాళ్లని చూసి పోయింది.'

'అన్నం పళ్లెం కొట్టారు. పాప లేవలేదు. పక్క పిల్ల లేచింది. పాప లేచింది.'

'పరుపు మీద కూర్చుంది. నేల తట్టాను. తిరగలేదు. అలిగింది.'

అయిదు నెలల రాత, ఇరవై పేజీలకి పైనే. ఆ ఆఖరి మాట 'అలిగింది' అనేది ఒక్కటే నేను కల్పించింది.

సరే, ఆ సోమవారం. మేడం గారికి కార్తీక సోమవారం ఉపవాసం. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఆ కోపమంతా మా మీద చూపించింది. కరస్పాండెంటు గారు ఇస్త్రీ చొక్కాలో, జేబులో రెండు పెన్నులతో మెట్ల దగ్గర కాపలా. పూసల పిల్ల తల్లి తొమ్మిదింటి నుంచి కింద మెట్టు మీద కూర్చుంది. కుట్టవలసిన చీర ఒళ్లో ఉంది గానీ సూది కదలడం లేదు. వాచ్‌మన్ ఆవిణ్ణి లెమ్మని రెండు సార్లు చెప్పి, మూడోసారి తన కుర్చీ ఇచ్చాడు.

తనిఖీ ఆవిడ పది గంటలకి ఆటోలో వచ్చింది. ఎవరో పెద్ద ఆఫీసరు దిగుతుందనుకుంటే పొట్టి మనిషి, దళసరి కళ్లద్దాలు, నూలు చీర, భుజాన సంచి. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "ఫరవాలేదండీ, వేసుకుని రండి" అని కరస్పాండెంటు గారు రెండు చేతులూ చాపినా వినలేదు. "పిల్లలు దొర్లే చోటు గదండీ" అంది. ఆ చెప్పులు విడవకపోయి ఉంటే నా సంగతి ఆ రోజు బయటపడేది కాదు.

ముందు నోటు పుస్తకాలు చూసింది. ఐదు పుస్తకాలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి.

"ఐదుగురూ ఒకే బిడ్డని చూశారా?" అంది.

"లేదండీ, వేరే వేరే పిల్లల్ని" అన్నారు అమ్మాయిలు.

"మరి అందరూ ఒకేలాగా సృజించారే?"

ఆరో పుస్తకం నాది. మేడం గారు మధ్యలో దూరి, "అది ఆయమ్మదండీ. ఏదో సరదాకి. వదిలెయ్యండి" అంది. ఆవిడ వదల్లేదు. వేలు పెట్టి, నేను రాసినంత నెమ్మదిగా చదివింది. ఒక పేజీ తిప్పడం, వెనక్కి రావడం, మళ్లీ తిప్పడం. పావుగంట. తప్పులు వెతుకుతోందనుకున్నాను.

"ఇది మీరే రాశారా?"

"నేనేనండీ. అక్షరాలు వంకరగా ఉంటే..."

"అక్షరాల సంగతి కాదమ్మా. రాసింది మీరు ఒక్కసారన్నా చదివారా?"

"రాయడమే గగనమండీ. మళ్లీ చదవడమెక్కడ?"

ఆవిడ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "ఆటలు మొదలుపెట్టండి" అంది.

పదకొండింటికి మేడం గారు చప్పట్లు కొట్టింది. నా మడమ కదిలింది. ఇరవై ముగ్గురు పిల్లలూ వెళ్లి ఎవరి స్వేచ్ఛ దగ్గర వాళ్లు కూర్చున్నారు. కొండపల్లి బొమ్మలు రాసిపెట్టిన పిల్ల వాటిని ముట్టుకోకుండా చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతోంది, అట్లా చెయ్యమని చెప్పారు దానికి. కరస్పాండెంటు గారు ఫోన్లో వీడియో తీస్తున్నారు.

తనిఖీ ఆవిడ పూసల పిల్ల వెనక్కి వెళ్లి నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ పిల్ల సీటు, వాళ్లమ్మ మెట్టు మీద కూర్చోవడం, నేను నలుగురిలో కొట్టిన బడాయి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నా మడమ తట్టింది. పిల్ల తిరిగింది.

ఆవిడ రెండోవైపుకి వెళ్లి పిలిచింది. నేను తట్టాను. పిల్ల తిరిగింది. మేడం గారు ఊపిరి పీల్చుకుంది.

ఆవిడ పిల్లని చూడ్డం లేదు. తన ఉత్త పాదాల వైపు చూసుకుంది. తర్వాత నా పాదాల వైపు చూసింది.

"మీ కాలెందుకు ఆడుతోందమ్మా?"

"అలవాటండి."

"ఎవరికి?"

మడమ చీర కుచ్చిళ్ల కిందికి లాక్కున్నాను.

ఆవిడ పిల్లల్ని పడుకోబెట్టే దూదిపరుపు ఒకటి లాగి, పూసలతో సహా ఆ పిల్లని ఎత్తి దాని మీద కూర్చోబెట్టింది. పిల్ల పూసలు గుచ్చుతూనే ఉంది. ఆవిడ బల్ల మీద ఉన్న స్టీలు పళ్లెం, గరిటె తీసుకుంది. నా వైపు చూసి, "కాలు కదపకండి" అంది. బతిమాలినట్టు అంది, అందుకే నాకు భయం వేసింది. పిల్ల వెనక్కి, చెవికి జానెడు దూరంలోకి వెళ్లి, గట్టిగా కొట్టింది.

ఇల్లదిరిపోయింది. ఇరవై ఇద్దరు పిల్లలూ "అన్నం! అన్నం!" అంటూ దిమ్మలు తన్నుకుంటూ, వంటసామాను తొక్కుకుంటూ కుళాయి దగ్గరికి దౌడు. చేతులు కట్టుకున్న కొండపల్లి పిల్ల అందరికంటే ముందు.

"కూర్చోండి! ఇంకా అవలేదు! స్వేచ్ఛగా ఆడుకోండి!" అని ఉపవాసపు గొంతుతో మేడం గారి అరుపులు. "ఇది ప్రోగ్రాంలో లేదండీ" అని కరస్పాండెంటు గారు, వీడియో ఆపడం మర్చిపోయి.

పళ్లెం ఇంకా మోగుతోంది. పరుపు మీద ఆ పిల్ల నీలం పూస తీసి పక్కన పెట్టి, బాగా ఆలోచించి, ఎర్రపూస గుచ్చింది. ఆ గదిలో స్వేచ్ఛగా ఆడుకుంటున్నది ఆ ఒక్కతే.

నేను రాసిన ఇరవై పేజీలూ అప్పుడు చదివాను. పుస్తకం ఆవిడ లేచిన కుర్చీలోనే ఉంది. నాకు చూడనక్కర్లేకపోయింది. బండి బోల్తా పడింది, పాప పోలేదు. పళ్లెం కొట్టారు, పాప లేవలేదు. పరుపు మీద కూర్చుంది, నేల తట్టాను, తిరగలేదు. అలగలేదు. పరుపులోంచి అదురు రాదు, అంతే. మా మగ్గాల వీధిలో ఇట్లా చెవులు వినపడని పిల్ల పుడితే ఎవరికీ తెలియదు. అక్కడ అందరూ తట్టే పిలుస్తారు, ఈ పిల్లా అందరిలాగే తిరుగుతుంది. ఆ వీధిని నేను ఈ మేడ మీదికి మోసుకొచ్చాను. అది ఒక్కటే చాలనట్టు, ఎవరికీ అనుమానం రాకుండా ఉండటానికి తర్ఫీదు కూడా ఇచ్చాను.

కిందికి వెళ్లి ఆ తల్లికి నేనే చెప్పాలంది తనిఖీ ఆవిడ. వెళ్లాను.

"ఆడిందాండీ?" అంది, కుర్చీలోంచి లేచి.

"ఆడింది."

"అయితే ఉంచుతారుగా?"

చెప్పాను. చెప్పడం చేతకాక అడ్డదిడ్డంగా చెప్పాను. ఆ తల్లి చాలాసేపు చీర మడత పెట్టింది. తర్వాత అంది, గొంతు ఏమాత్రం పెంచకుండా: "నేనడిగాను గదండీ మిమ్మల్ని. నవ్వారు మీరు."

అవును, నవ్వాను.

మర్నాడు ఆసుపత్రికి నేనూ వెళ్లాను, రమ్మనకపోయినా. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు కాగితం చూస్తూ, "రెండు చెవులూ బాగా తక్కువగా ఉన్నాయి. మిషన్లు పెడితే చాలావరకు మేలు. కాస్త ముందే తీసుకురావలసింది. ఈ అయిదు నెలలూ బడిలో ఏం చేశారు?" అని అడిగారు. తల్లి నా వైపు తిరిగింది.

"నేల తట్టామండీ" అన్నాను.

తర్వాతవి గబగబా చెప్పేస్తాను. డిగ్రీ అమ్మాయిలు ఐదుగురూ పుస్తకాలు తిరిగి రాసి ప్యాసయ్యారు. నా నోటు పుస్తకానికి ఆవిడ మంచి మార్కులే వేసింది, నన్ను మాత్రం ప్యాస్ చెయ్యలేదు. ఇంకో మూడు నెలలు శిక్షణ పొడిగించింది. చెయ్యవలసిన పని ఒక్కటే, రాసిన ప్రతి పేజీ మర్నాడు గన్నవరం అమ్మాయికి గట్టిగా చదివి వినిపించి, అది అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఆ పిల్ల మొదటి రోజు భయపడుతూ ఒక ప్రశ్న అడిగింది. పదోరోజుకి నన్ను నంజుకు తినేసింది. నేను దాన్ని కడిగిన కడుగుడంతా వడ్డీతో తీర్చుకుంది, మంచిదే.

మేడం గారు ఆ పిల్లని తీసెయ్యలేదు. తీసెయ్యకపోగా, చెవికి మిషన్లు వచ్చాక ఫొటో తీయించి, మరుసటేడు కరపత్రం మీద వేయించింది: 'ప్రతి చిన్నారిపై ప్రత్యేక శ్రద్ధ.' దాని కింద అద్దాల బీరువా ఫొటో. నేను ఆ కరపత్రం చదివాను, పైకే, గట్టిగా. ఆవిడ వినలేదు.

నేను పోయిన ఏడే పని మానేశాను. ఆ పూసల పిల్ల ఇప్పుడు పెద్ద బడిలో ఉంది. దారిలో కనపడితే నేను అలవాటు కొద్దీ పెద్దగా అరిచి పలకరిస్తాను. "అరవకండి అమ్మమ్మా, వినపడుతోంది. వీధంతా చూస్తున్నారు" అని కసురుతుంది. వాళ్లమ్మ మాత్రం నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది. నేను క్షమించమని అడగలేదు. ఆవిడా క్షమించానని అనలేదు. ఎదురుపడితే ఇద్దరం పిల్ల చదువు గురించి రెండు మాటలు అనుకుని ఎవరి దారిన వాళ్లం పోతాం.

పేర్లు రాయొద్దన్నారు, రాయను. కానీ ఆ సోమవారం, పళ్లెం మోగిన నిమిషాన, అక్కడ ఎవరెవరున్నారో రాయకుండా ముగిస్తే అందరూ తలా కాస్త తప్పుకుంటారు. అందుకని రాస్తున్నాను. మెట్ల దగ్గర, ఆగని ఫోను పట్టుకుని కరస్పాండెంటు గారు. బీరువాకి అడ్డం నిలబడి మేడం గారు. గోడకి ఆనుకుని, ఒకే రాత రాసిన ఐదుగురు అమ్మాయిలు, వాళ్లలో అడగవలసింది అడిగి నా నోటికి జడిసి ఊరుకున్న గన్నవరం పిల్ల. కుళాయి దగ్గర తోసుకుంటున్న ఇరవై ఇద్దరు పిల్లలు. కింద, కుర్చీ ఇచ్చేసి నిలబడ్డ వాచ్‌మన్. ఆ కుర్చీలో తల్లి. పళ్లెం, గరిటె పట్టుకుని, ఉత్త కాళ్లతో తనిఖీ ఆవిడ. పరుపు మీద, చేతిలో ఎర్రపూసతో ఆ పిల్ల. దాని వెనక నాలుగడుగుల దూరంలో, మడమ పైకి లేపి, నేల మీద దించకుండా పట్టుకుని, నేను.